జపాన్ పిల్లలకు ఒడిబియ్యం

పదిహేనేళ్ళ వయసులో నాకు జపాన్ పిచ్చి పట్టింది. ఇబ్రహీంపట్నం మొత్తం మీద ఆ దేశపు సమాజం గురించి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని నాలోనే దాచుకునే మనిషిని కాను. అడిగినవాళ్ళకూ చెప్పేదాన్ని, అడగనివాళ్ళను ఆపి మరీ చెప్పేదాన్ని. "దీనికి ఇంట్ల పొయ్యి యాడున్నదో తెల్వదు గని, జపాన్ల గుట్టలు యాడున్నయో తెలుసు," అని మా అమ్మ దెప్పేది. ఆమె దెప్పినదాంట్లో రవ్వంత అబద్ధం కూడా లేదు.

ఈ పిచ్చి ఎక్కించింది నాకు ఉర్దూ నేర్పే మున్షీ సాబ్. నిజాం సర్కారు కాలం అది, రెండో పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. తహసీలు కచేరీ నుంచి ఏ కాగితం వచ్చినా ఉర్దూలోనే వచ్చేది. మా బాపుకు ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పట్వారి చదివి చెప్పేవాడు గానీ, పట్వారి చదివినదాని మీద బాపుకు గడ్డిపోచంత నమ్మకం లేదు. మగపిల్లలు లేరు, ఉన్నది నేనొక్కదాన్నే. "కాగితం చదివెటోళ్ళు ఇంట్లనే ఉండాలె," అని నాకు ఎనిమిదో ఏట మున్షీని పెట్టాడు. అదే బాపు పన్నెండో ఏట నాకు పెళ్ళి కూడా చేశాడు. కాగితం చదివే పిల్ల ఒకనాడు అత్తగారింటికి పోతుందన్న సంగతి ఆయనకు తట్టలేదో, తట్టినా అప్పుడు చూద్దాంలే అనుకున్నాడో, నేను అడగలేదు.

మున్షీ సాబ్ సన్నగా, పొడుగ్గా, గోరింటాకు పెట్టిన గడ్డంతో ఉండేవాడు. ఎండలో జపాన్ గొడుగు వేసుకుని వచ్చేవాడు. అప్పట్లో బజారులో చవక వస్తువంటే జపాన్ వస్తువే. దువ్వెనలు, అద్దాలు, గొడుగులు, పిల్లల బొమ్మలు, అన్నీ అక్కడివే. కొన్న వారానికి విరిగేవి. ఎవరైనా చేతకానివాణ్ణి "జపాన్ మాల్" అని తిట్టేవాళ్ళు. సాబ్ ముందు మాత్రం ఆ మాట అనకూడదు. "తన భాషల తాను చదువుకొని పెద్దగైన ముల్క్ అది. గొడుగును చూసి దేశాన్ని తూచొద్దు," అని కోప్పడేవాడు. అప్పటికే ఆయన గొడుగు పుల్లలు రెండు విరిగి చెవి పక్కన వేలాడుతుండేవి.

పట్నంలో ఉన్న ఆయన చెల్లెలి కొడుకు ఉర్దూ పత్రికలూ పుస్తకాలూ పంపేవాడు. ఏ దేశం గురించి ఏమొచ్చినా మామూలే, జపాన్ గురించి వస్తే మాత్రం సాబ్ దాన్ని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని తెచ్చేవాడు. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో నాకొక కొత్త నోట్‌బుక్కు ఇచ్చి ఒక పని పెట్టాడు.

"పొగడ్తలు చదివితే నిద్రొస్తది బేటీ. ఇప్పుడు ఆ దేశంల జనానికి ఏమేం చిక్కులున్నయో చదువు, రాయి. చిక్కులు సమజైతేనే దేశం సమజైతది."

తొలకరి పడేలోపు నోట్‌బుక్కు నిండాలన్నాడు. తొలకరి తర్వాత నేను రావిర్యాలకు, అత్తగారింటికి పోవాలి మరి.

రావిర్యాల ఎంత దూరమని? పొద్దున్నే కచ్చురం బండి కట్టి ఎక్కితే మధ్యాహ్నం అన్నాల వేళకు చేరతాం. అయినా ఎవరైనా ఆ ఊరి పేరు ఎత్తితే నేను లేచి అవతలికి పోయేదాన్ని. ఉన్న ధైర్యమల్లా ఒక్కటే. నా సోపతి, నా చిన్ననాటి నేస్తం, నా వెంట వస్తుంది.

నా సోపతి మా ఇంట్లోనే పుట్టి నాతోపాటే పెరిగిన పిల్ల. నాకంటే వయసులో ఏడాది చిన్న, నోట్లో పదేళ్ళు పెద్ద. మా అమ్మ పెళ్ళయి కాపురానికి వచ్చిన రోజు, అదే బండిలో దాని తల్లి కూడా వచ్చింది. భూములున్న ఇళ్ళలో అప్పుడది రివాజు. బిడ్డను అత్తగారింటికి పంపేటప్పుడు మంచం, బిందెలు, చీరల పెట్టెతోపాటు సేవ చేయడానికి ఒక ఆడపిల్లను కూడా పంపేవారు. ఆ పిల్లను ఆడబాప అనేవారు. ఒకసారి వచ్చిందంటే ఇక ఆ ఇంటి మనిషే, వెనక్కి పోవడం లేదు. మా ఇంటి జీతగాడికే ఇచ్చి ఆమెకు పెళ్ళి చేశారు. అతను పోయాక తల్లీకూతుళ్ళు మిగిలారు. ఇప్పుడు నా వంతు వచ్చింది కాబట్టి నా వెంట కూతురు రావాలి. ఇందులో అడగడానికి ఏముందని అందరూ అనుకున్నారు. అందరికంటే ముందు నేను అనుకున్నాను.

అది నా తలకు నూనె పెట్టేది, జడ అల్లేది, నీళ్ళు తోడేది. ఆ పనులు చేస్తూనే నేను పైకి చదివేదంతా వినేది. దానికి ఉర్దూ అక్షరం ఒక్కటీ రాదు. కానీ నేను చదివి తెలుగులో చెప్పింది ఒక్కసారి వింటే చాలు, గోడకు మేకు కొట్టినట్టు ఉండిపోయేది. నేను ఏదైనా మార్చి చెబితే జడ పట్టుకుని ఆపేది. "నిన్న గట్ల చెప్పలే. నిన్న పెద్ద కొడుకుకే భూమి అన్నవ్, ఇయ్యాల అందరికంటున్నవ్." నాకు ఒళ్ళు మండేది. పుస్తకం మళ్ళీ తిరగేస్తే అదే చెప్పింది నిజమయ్యేది.

ఎండాకాలం మధ్యాహ్నాలు మా వాకిట్లో పందిరి కింద పదిమంది ఆడవాళ్ళు కూర్చుని చింతపండు కొట్టి గింజ తీసేవాళ్ళు. చేతులకు పని ఉంటుంది, చెవులు ఖాళీ. పొద్దు పోవడానికి వాళ్ళే ఏదైనా చదివి చెప్పమన్నారు. పురాణం చదువుతాననుకున్నారు పాపం. నేను జపాన్ తీశాను.

"వాళ్ళేం తింటరు?" అని మొదటి ప్రశ్న వేసింది అవ్వ. ఆమె అక్కడ అందరికంటే పెద్దది. ఊరంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. పళ్ళు ఒక్కటి లేకపోయినా ఆమె మాటకు పదును తగ్గలేదు.

"వరి పండిస్తరు అవ్వా. మడి దున్ని, నీళ్ళు పెట్టి, ఆడోళ్ళు వరుసగ నిలబడి నాట్లేస్తరు."

"నాట్లేస్తరా? మరి పరాయి దేశమంటవేంది, మనోళ్ళే గద."

"గని పండిన దాంట్ల సగం దొరలకు పోతది. దొరలు పట్నంల ఉంటరు. పండిచ్చినోళ్ళు బియ్యం అమ్ముకొని, సజ్జలో గటకో తింటరు."

పందిరి కింద చేతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత ఒకామె ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు పక్కామెకు అంటుకుంది. "అవ్ బిడ్డా, శాన దూరం దేశమే," అంది అవ్వ, కళ్ళు మా ఇంటి అరుగు వైపు తిప్పి. అరుగు మీద కునుకు తీస్తున్న బాపు పెద్దగా దగ్గాడు. ఇంకేముంది, నవ్వాపుకోలేక సగం మంది కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సాయంత్రం బాపు మున్షీ సాబ్‌ను పట్టుకుని, "ఆ దేశంల మంచి ముచ్చట ఒక్కటన్న లేదా సాబ్?" అని అడిగాడట. ఉన్నాయిగానీ అవి వచ్చే ఏటికి పెట్టుకున్నామన్నాడట సాబ్.

అలా రోజుకో ముచ్చట. అక్కడ పెద్ద కొడుక్కే పొలం, చిన్న కొడుకులు పట్నానికి పోయి కూలి వెతుక్కోవాలంటే అయ్యో అనేవాళ్ళు. కోడలు అందరికంటే ముందు లేచి అందరి తర్వాత స్నానం చేయాలంటే, "గిదొక చిక్కా, గిది రాసిండ్రా పుస్తకంల?" అని పడీ పడీ నవ్వేవాళ్ళు. నాకు గొప్పగా ఉండేది. రోజూ రాత్రి పడుకునేటప్పుడు రేపు ఏ చిక్కు చెప్పాలా అని సంబరపడుతూ పడుకునేదాన్ని.

ఒకరోజు మిల్లు పిల్లల ముచ్చట వచ్చింది. పట్టుపురుగుల గూళ్ళను ఉడుకునీళ్ళలో వేసి దారం తీసే మిల్లులు అక్కడ ఉండేవి. పల్లెల్లో పేదింటి తండ్రి చేతిలో మిల్లు మనిషి ఇంత పెట్టి, పన్నెండు పదమూడేళ్ళ ఆడపిల్లలను తీసుకుపోతాడు. గుట్టలు దాటి, మంచులో నడిపించి తీసుకుపోతాడు. పని అయ్యాక ఒకే కొట్టంలో పడుకోబెట్టి బయట తాళం వేస్తారు. ఏళ్ళ తరబడి ఇంటి ముఖం చూడరు. పోతావా అని ఆ పిల్లలను ఎవరూ అడగరు. ఇది చదువుతూ మధ్యలో పుస్తకం పక్కన పెట్టేశాను. నిజం చెబుతున్నాను, బాగా ఏడ్చాను. వెనక కూర్చున్న నా సోపతి చెయ్యి నా జడలో ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అల్లింది.

"పొద్దుమాపు ఉడుకునీళ్ళల్ల చేతులా?" అంది ఒకామె, చింతపండు పులుపుకు పగిలిన తన వేళ్ళు చూసుకుంటూ.

అవ్వ ముక్కు చీది, కొంగుతో కళ్ళు తుడుచుకుని, తీర్పు చెప్పింది. "ఆ పోరిలకు ఒడిబియ్యం పొయ్యాలె."

ఒడిబియ్యం తెలియని తెలంగాణ ఆడపిల్ల ఉండదు. పెళ్ళయి పోయిన బిడ్డను మూడేళ్ళకో ఐదేళ్ళకో పుట్టింటివాళ్ళు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతారు. నువ్వు మా పిల్లవే, మేం నిన్ను మరిచిపోలేదని చెప్పడం అది. అవ్వ మాటకు పందిరి కింద పెద్ద వాదమే లేచింది. పెళ్ళి కాని పిల్లలకు ఒడిబియ్యమేమిటని కొందరు. ఎక్కడా లేని రివాజని కొందరు.

"ఇల్లు దాటిన ఆడపిల్లకు ఒడిబియ్యమున్నది. పెండ్లయితేంది, మిల్లయితేంది," అని అవ్వ తేల్చేసింది.

మర్నాడు వాళ్ళు బియ్యం తెచ్చారు. రోజూ జొన్న గటక తాగే ఇళ్ళ నుంచి, పండగకు దాచుకున్న బియ్యం, తలా పిడికెడు, తలా దోసెడు. ఎండుకొబ్బరి కుడుకలు వచ్చాయి, పోకలు వచ్చాయి, ఒకామె కొత్త రవిక గుడ్డ కూడా తెచ్చింది. అంతా కలిపి మున్షీ సాబ్ ముందు పెట్టి, జపాన్‌కు పంపమన్నారు. సాబ్ ముఖం చూడాలి అప్పుడు. గొడుగు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"పోస్టు డాకుల బియ్యం పోవు అమ్మా. ఓడ మీద పోవాలె. సముద్రం ఉన్నది."

"నీ పుస్తకం ఎట్లొచ్చింది మరి?" అంది అవ్వ. "అది వచ్చిన తొవ్వలనే ఇది పోతది."

సాబ్ నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. చివరికి అవ్వే దారి చూపించింది. ఒడిబియ్యం మూటగట్టి పంపేది కాదు, ఒడిలో పోసేది. ఇక్కడ ఒక పిల్ల ఒడిలో వాళ్ళ పేరు తలచి పోస్తే అక్కడ వాళ్ళకు అందుతుంది. పెళ్ళి కాని పిల్ల కావాలి, పదమూడు పద్నాలుగేళ్ళది కావాలి. అందరి కళ్ళూ నా సోపతి మీద పడ్డాయి.

ఆ మధ్యాహ్నం ఎంత సంబరమో ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. జపాన్ పిల్లలు నడుముకు వెడల్పాటి గుడ్డ చుడతారని నేను చెప్పానని, బాపు కండువా తెచ్చి దానికి నాలుగు చుట్లు చుట్టారు. పొడుగు చేతులుండాలంటే నా పాత చీర చించి చేతులకు వేలాడేశారు. అది పీట మీద కూర్చుని ఒకటే నవ్వు. కాళ్ళకు పసుపు రాస్తే కితకితలని నవ్వు, బొట్టు పెడితే నవ్వు. ఒక్కొక్కరూ వచ్చి ఐదు దోసిళ్ళు పోశారు. ఒడి నిండింది. దాని తల్లి కూడా వరుసలో నిలబడి పోసింది.

అందరూ పోశాక, ఏ ఊరికి పోతున్నావని అడిగి, పైలంగా, జాగ్రత్తగా పోయి రమ్మని పెద్దామె దీవించాలి. అది మా వైపు వరుస. అవ్వ ముందుకు వంగి దాని గడ్డం పట్టుకుంది.

"ఏ ఊరికి పోతున్నవ్ బిడ్డా?"

జపాన్‌కు అంటుందని, అనగానే విరగబడి నవ్వాలని, మేమంతా నోళ్ళు తెరుచుకుని ఉన్నాం.

"రావిర్యాలకు," అంది నా సోపతి.

అప్పటిదాకా నవ్విన నవ్వు ఇంకా దాని ముఖం మీద ఉంది. ఎవరూ నవ్వలేదు. "పైలంగ పోయి..." అని మొదలుపెట్టిన అవ్వ ఆపేసింది. దాని తల్లి చేతిలో ఉన్న ఖాళీ చాట కింద పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయింది. గడపలో నిలబడి చూస్తున్న మా అమ్మ ఆమె వెనకే వెళ్ళింది. నాకు మాత్రం కోపం వచ్చింది, ముక్కు పుటాలు అదిరేంత కోపం. నోట్‌బుక్కు విసిరేసి లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఒడిలో పడ్డ బియ్యం మళ్ళీ తీయకూడదు కాబట్టి అవి నా సోపతివే అయ్యాయని, తల్లీకూతుళ్ళు అన్నం వండి అందరికీ తలా ముద్ద పెట్టారని తర్వాత తెలిసింది. నాకు పెట్టడానికి వస్తే నేను తలుపు తీయలేదు.

మూడు రోజులు దాన్ని నా తల ముట్టుకోనివ్వలేదు. మూడు రోజులకు నా తల పిచ్చుక గూడైంది. నాలుగో రోజు అదే దువ్వెన పట్టుకుని వచ్చి, అడక్కుండా నా వెనక కూర్చుంది.

"పదిమందిల నన్ను మిల్లు మనిషిని చేసినవ్ గద. నేను నిన్నెప్పుడన్న తిట్టిన్నా? కొట్టిన్నా?" అన్నాను.

"తిట్టినవ్. మస్తు తిట్టినవ్. కొట్టలే."

"మరి?"

"నువ్వు మంచిదానివి కాదని నేనన్ననా, చిన్న దొరసాని? గని వస్తవా అని నన్ను ఎవ్వలన్న అడిగిండ్రా? ఆ పిల్లలను అడగకుంట తోల్కపోయిండ్రని నువ్వు ఏడ్చినవ్. నేను నీ ఎనకనే కూసొని జడ అల్లుతున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు. ఎండాకాలమంతా ఎక్కడో సముద్రం అవతల వెతికి, చదివి, రాసి, దేశమంతా చెప్పుకుని తిరిగాను. నా జడ పట్టుకున్న చెయ్యి నాకు కనబడలేదు.

"ఇప్పుడు అడుగుతున్న," అన్నాను. "నాతోని రావిర్యాలకు వస్తవా?"

దువ్వెన ఆగింది.

"రాను," అంది.

అడిగితే చాలు, వస్తానంటుందని అనుకున్నాను నేను. అడగడమంటే కాదనే చోటు కూడా ఇవ్వడమని నాకు ఏ మున్షీ చెప్పలేదు. ఎందుకు రావంటే, "మా అమ్మ ఒక్కతైపోతది," అంది, "చెరువు కింద నాట్లేసుకుంట పదిమందిల ఉంట," అంది. నేను ఏడ్చాను. అదీ ఏడ్చింది. ఏడుస్తూనే చిక్కు తీసింది. ఒకచోట గట్టిగా లాగితే దాని మోకాలి మీద ఒకటి వేశాను.

ఆ పూట బాపు అన్నం తింటుంటే ముందు పోయి నిలబడ్డాను. అది నాతో రాదని చెప్పాను. బాపు ముద్ద చేతిలో పట్టుకుని నన్ను చూశాడు.

"రివాజు అది. పిల్ల లేకుంట పంపితే వియ్యంకులు ఏమంటరు? నా ఇజ్జత్ ఏంగావాలె?"

"అయితే నేను గూడ పోను."

"జపాన్ పుస్తకాలు ఇంట్లకు రానిచ్చిన నన్ను అనాలె," అని కేకేసి, అరుగు మీద ఉన్న మున్షీ సాబ్‌ను పిలిచాడు. "పరాయి దేశం ముచ్చట చెప్పమంటే నా ఇంటి ముచ్చట చెప్పిచ్చినవేంది సాబ్?"

"నేను చిక్కులు చదువుమన్న, అంతే," అన్నాడు సాబ్ తల వంచుకుని. గడ్డం వెనక నవ్వుతున్నాడని నాకు తెలుసు.

అప్పుడు మాట్లాడింది అమ్మ. గరిటె పట్టుకుని నిలబడి, మెల్లగా మాట్లాడింది. "నాతోని వచ్చినదాన్ని ఇరవై ఏండ్లాయె చూడవట్టి. దాని తల్లిగారి ఊరేదని నేనెన్నడు అడగలే. మొన్న అడిగిన. ఊరి పేరు చెప్పనీకి అది జరసేపు యాది చేసుకున్నది."

బాపు చేతిలో పట్టుకున్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తినడం అయ్యాక, చెయ్యి కడుక్కుంటూ నన్ను అడిగాడు.

"నీ నెత్తి నువ్వే దూసుకుంటవా?"

"దూసుకుంట."

"నీళ్ళు?"

"తోడుకుంట."

"వంట?"

నేను దిక్కులు చూశాను. అమ్మ ఫక్కున నవ్వింది.

"నెల దినాలు ఇస్తున్న," అన్నాడు బాపు. "నెలకు నువ్వొక్కదానివే వండి నాకు పెట్టాలె. తిననీకి వస్తే పిల్ల ఈడ్నే ఉంటది. రాకుంటే ఆ పిల్ల నీ బండి ఎక్కుడే."

ఆ నెల నేను పడ్డ పాట్లు ఏ దేశపు కోడలూ పడి ఉండదు. నాకు నేర్పింది నా సోపతే. మున్షీ సాబ్ నాకు ఏడేళ్ళలో పెట్టని శిక్షలు అది నాలుగు వారాల్లో పెట్టింది. చేద బావిలో జారవిడిస్తే తిట్టేది. పొయ్యి ఊదీ ఊదీ నా కళ్ళు మంకెన పువ్వులైతే, "ఇంకో కట్టె పెట్టు," అనేది. జొన్న రొట్టె నా చేతిలో ముక్కలు ముక్కలై రాలుతుంటే తల పట్టుకునేది. "నువ్వు రొట్టె ఇరగ్గొడితే నేను రావిర్యాలకు పోవాలె. జర మనసు పెట్టు తల్లీ," అని బతిమాలేది, మళ్ళీ వెంటనే తిట్టేది. అవ్వ రోజూ మాపటేళ వచ్చి నా మాడిన రొట్టె ముక్క నోట్లో వేసుకుని, పళ్ళు లేని నోటితో చప్పరించి, "నిన్నటికంటె నయమే," అనేది. ఊరి ఆడవాళ్ళంతా నా వంట గురించే మాట్లాడుకున్నారు. నోట్‌బుక్కులో ఆఖరి పేజీలు ఖాళీగా ఉండిపోయాయి. మున్షీ సాబ్ అడగనూ లేదు.

నెల నిండింది. వంటింట్లో నన్ను ఒక్కదాన్నే వదిలి తలుపు దగ్గరికి వేశారు. పప్పు, పచ్చి పులుసు, జొన్న రొట్టె, అన్నం. చెయ్యి కాలింది, జడ ఊడింది, పచ్చి పులుసు రెండుసార్లు కలిపాను. పెట్టాను. బాపు కూర్చున్నాడు. అమ్మ నన్ను కాక గోడను చూస్తోంది. తలుపు సందులో నా సోపతి కన్ను ఒక్కటి కనబడుతోంది.

బాపు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతున్నాడు, నములుతున్నాడు, ఎంతకీ మింగడు.

"పప్పుల ఉప్పు లేదు," అన్నాడు.

తలుపు సందులో కన్ను మాయమైంది. బాపు రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు. ఇంకో ముక్క తుంచాడు. కంచం ఖాళీ చేసి, అన్నం వైపు చెయ్యి చూపించాడు.

"పెట్టు. ఉప్పు సంగతి మీ అత్త చూసుకుంటది. వియ్యంకులకు నేను చెప్త. గిదేం రివాజని అడిగితే జపాన్ల గిట్లనే చేస్తరని చెప్త."

తలుపు వెనక నుంచి వచ్చిన కేక మూడిళ్ళ అవతలికి వినబడి ఉంటుంది.

తొలకరి పడ్డాక నేను ఒక్కదాన్నే కచ్చురం ఎక్కాను. అంతకు వారం ముందే అమ్మ ఇంకో బండి కట్టించి, నా సోపతినీ దాని తల్లినీ ఆ తల్లి పుట్టినూరికి పంపింది. ఇరవై ఏళ్ళ తర్వాత అక్కడ ఆమెను గుర్తుపట్టిన అన్న ఒకడున్నాడట, బండి దగ్గరే పట్టుకుని ఏడ్చాడట. నేను బయల్దేరే రోజుకు వాళ్ళింకా తిరిగి రాలేదు. బండి కదులుతుంటే చుట్టూ చూశాను. అది లేదు. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక, పక్కన ఉన్న బిందె పట్టుకుని కూర్చున్నాను.

రావిర్యాలలో మా అత్త మొదట అడిగిన మాటే, "మీ దిక్కుకెంచి పిల్ల రాలేదా?" అని. రాలేదన్నాను. నా పనులు నేనే చేసుకుంటానన్నాను. వింతగా చూసింది. నా వంకర జడ చూసి ఆడబిడ్డలు చాటుగా నవ్వారు. మొదటి నెల రోజులు దుప్పటి కప్పుకుని ఏడ్చిన మాట నిజం. తర్వాత తర్వాత రొట్టె గుండ్రంగా రావడం మొదలైంది.

నాట్లు అయిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు ఎవరో చెప్పులు విదిలించిన చప్పుడైంది. చూస్తే నా సోపతి. మోకాళ్ళ దాకా దుమ్ము, నెత్తి మీద చిన్న మూట. ఇబ్రహీంపట్నం నుంచి అంత దూరం నడిచి వచ్చింది. బాపు మాట తప్పి పంపేశాడేమో అనుకున్నాను.

"నిన్ను ఎవలు పంపిండ్రే?" అన్నాను.

"ఎవ్వలు పంపలే," అంది మూట దించుతూ. "నాకే రాబుద్ధయింది. వచ్చిన."

నేను దాన్ని పట్టుకుని ఎంత గట్టిగా నవ్వానంటే మా అత్త బయటికి వచ్చి చూసింది. ఎవరీ పిల్ల అని అడిగింది. చుట్టం అన్నాను. అది నా మంచం మీదే పడుకుంది, నేను వండింది తిని వంకలు పెట్టింది. మూడు రోజులు ఉంది. నాలుగో పొద్దున, నేనెంత బతిమాలినా వినకుండా, తన మూట తాను కట్టుకుని పోయింది.